ఎంగిలి కొయ్య

జనార్దనయ్య గారింటి గాజు తొట్టిలో కొయ్య తేలుతోంది. చూడగానే శీనయ్యకు నవ్వొచ్చింది. పెద్దింట్లో నవ్వితే బాగుండదని మీసం తుడుచుకున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి మూడు నెలలు. మద్రాసులో ఉద్యోగం చాలించుకొని జనార్దనయ్య ఆత్మకూరు చేరి కూడా మూడు నెలలే. సామానంతా లారీలో వచ్చింది. గాజు తొట్టి మాత్రం నెల్లూరు బస్సులో ఆయన ఒళ్ళో కూర్చొని వచ్చింది. మూతికి గుడ్డ కట్టిన డబ్బాలో పదకొండు రంగు చేపలు వచ్చాయి. చేపలను తినకుండా చూస్తూ కూర్చునే మనిషిని చూద్దామని ఊరంతా ఒక విడత వచ్చిపోయింది.

"మూలకు పోయి ముడుచుకుంటున్నాయిరా. నీడకు ఒక కొయ్య వెయ్యమని పుస్తకంలో రాశాడు. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గర ఇది తెప్పించినాను. దుర్గం కొండ దేవదారు. వేసిన కాణ్ణించి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నువ్వు చెరువులో పుట్టి పెరిగినవాడివి, చెప్పు. ఏంది దీని సంగతి?" అన్నాడు జనార్దనయ్య.

శీనయ్య తొట్టి మీదికి వంగి వాసన చూశాడు. నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. పైన సన్నటి నూనె తెర.

"గరిటెలకి ఇది బంగారం సామీ. చేపలకి కాదు. దీని కడుపులో నూనె ఉండాది. కొండ కొయ్య, దీనికి నీళ్ళంటే ఏందో తెలవదు. ముందు తీసి బయటెయ్యండి."

"మరి ఏది వెయ్యాలి?"

"ఏళ్ళ తరబడి చెరువులో మునిగుండే కొయ్య కావాల. నేను తెస్తాను. పది దినాలు పడతాది."

తిన్నె మీద వక్క నములుతున్న వరదయ్య పెద్దగా నవ్వాడు. ఆ ఏడు చెరువు చేపల వేలంపాట వరదయ్యదే. శీనయ్యతో సహా కట్ట కింద యానాది గుడిసెలవాళ్ళంతా ఆయన మాట మీదనే చెరువులో వల వేస్తారు.

"పది దినాలు ఊరబెట్టేదానికి అది కొయ్యా, ఊరగాయా?"

"ఊరగాయకైనా తొందరపడితే బూజొస్తాది సామీ," అన్నాడు శీనయ్య.

జనార్దనయ్య నవ్వాడు. వరదయ్య నవ్వడం ఆపాడు.

మరునాడు ఎండ ఎక్కినాక శీనయ్య చెరువులో దిగాడు. నిండు చెరువు. నీళ్ళు లేని ఏళ్ళలో మొలిచి, నీళ్ళొచ్చిన ఏళ్ళలో చచ్చిన నల్లతుమ్మలు దాని కడుపులో ఎన్నో ఉన్నాయి. ఏది ఏ మూల ఉందో శీనయ్య కాళ్ళకు తెలుసు. వల విసిరేటప్పుడు అవి తప్పించి విసరాలి. తెలియనివాడి వల మొదటి విసురుకే చిరుగుతుంది.

మొదట పైకి తెచ్చినదానికి బెరడు ఇంకా వదల్లేదు. బెరడు కింద కుళ్ళు దాగుంటుంది. పారేశాడు. రెండోదానిలోకి బొటనవేలి గోరు దిగిపోయింది. చివికిన కొయ్య నీళ్ళను చెడగొడుతుంది. మూడోది చూడముచ్చటగా ఉంది, చేతివేళ్ళు విప్పినట్టు అయిదు కొమ్మలు. కానీ అది చాకిరేవు పక్కన దొరికింది. బట్టలు ఉడకేసిన సవుడు మట్టి నీళ్ళు ఎన్నేళ్ళుగా తాగిందో. దాన్నీ వదిలేశాడు.

కట్ట మీద ఆకుకూర కోసుకుంటున్న అతని భార్య చెంచమ్మ కేకేసింది. "ఏం మావా, పెండ్లికూతుర్ని ఎంచుతుండావా? నన్ను ఇంత తిప్పి తిప్పి చూళ్ళేదే!"

"నువ్వు చూసే టయిం యాడిచ్చినావు? వచ్చి నెత్తిన పడితివి!"

నాలుగోది రెండు బారల లోతున దొరికింది. వేరు ముక్క, మూరెడు పొడుగు, మధ్యలో చేప దూరేంత కంత. నల్లగా, రాయిలా బరువుగా ఉంది. ముఖ్యంగా దాని ఒంటినిండా నత్తలు పట్టుకొని ఉన్నాయి. కంతలోంచి రెండు రొయ్య పిల్లలు ఎగిరి నీళ్ళలో పడ్డాయి. నత్త కాపురమున్న కొయ్యలో విషం ఉండదు. శీనయ్య దాన్ని బిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకొని ఒడ్డుకు వచ్చాడు.

నత్తలను ఒక్కొక్కటే గిల్లి తీసి మళ్ళీ చెరువులో వేశాడు. కొబ్బరి పీచుతో, ఇసుకతో రుద్దాడు. వడ్లు ఉడకబెట్టే బానలో వేసి పొయ్యి మీదికి ఎక్కించాడు.

"తిండి ఉడికే పొయ్యి మీద కట్టెను ఉడకబెడుతుండాడు నా కొడుకు. రేపు రాళ్ళు వేపుతాడు," అంది అతని తల్లి ఓబులమ్మ. అన్నదే గానీ, మంట తగ్గినప్పుడల్లా కంప ఎగదోసింది ఆమే.

మొదటి నీళ్ళు బెల్లప్పాకం రంగులో దిగాయి. పారబోశాడు. రెండోనాటివి టీ. మూడోనాటివి పలచటి టీ. నాలుగోనాడు ఎండిన గడ్డి నానిన నీళ్ళలా ఉన్నాయి. అయిదోనాడు బాన అడుగున పడిన ఇసుక రేణువు కూడా కనిపించింది. రోజూ కొయ్య ఆరాక దానిమీద నాలుక పెట్టి చూశాడు. మొదటిరోజు పిందె మామిడికాయంత వగరు. తర్వాత తర్వాత తగ్గుతూ వచ్చింది. నాలుక్కి ఏమీ తెలియని రోజు రావాలి. ఆ రోజు వచ్చాక కొయ్యను కుండలోకి దించి, నాలుగు పరిగె చేపపిల్లలను వదిలాడు. మూడు రోజులు అవి కొయ్య చుట్టూ తిరిగాయి. కంతలో దూరాయి. రాత్రి వేసిన నూకలు తెల్లారేసరికి మిగల్లేదు.

పదోనాడు పొద్దున కొయ్యను కొత్త గోనెపట్టాలో చుట్టి భుజాన పెట్టుకొని బయల్దేరాడు. దారిలో ఇద్దరు ముగ్గురు అడిగారు, అదేందని. "జనార్దనయ్య గారి పని," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. వాళ్ళే అడిగి అడిగి వెనక రావాలని అతనికి లోపల ఉంది. ఎవరూ రాలేదు. అయినా నడక తగ్గించలేదు.

జనార్దనయ్య ఇంట్లో లేడు. నెల్లూరు పోయాడు, సాయంత్రం బస్సుకు వస్తాడు. ఆయన అక్క కామాక్షమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆ ఇల్లు నడిపేది ఆమే. నట్టింట్లో చేపలుండడం ఆమెకు మొదటినుంచీ గిట్టదు. తమ్ముడి ముచ్చట అని ఊరుకుంది.

శీనయ్య గోనె విప్పాడు. అప్పగించే ముందు చివరిసారిగా కొయ్యను అటూ ఇటూ తిప్పి, కంత పక్కన నాలుక ఆనించాడు.

"ఏందిరా ఆ పని?"

"రుచి చూస్తుండానమ్మా. చప్పగా ఉండాది. ఇంక చేపలకి భయం లేదు."

"ఎంగిలి చేసి ఇస్తున్నావా?"

"చేపలకి గదమ్మా..."

"చేపలుండేది మా నట్టింట్లోరా! దేవుడి గది ఎదురుగా!"

ఆ కొయ్యను శీనయ్య పది రోజుల్లో ఎన్నోసార్లు నాకాడు. నాకకుండా ఇవ్వడం అతని దృష్టిలో తప్పుడు పని.

"ఆ బావి గట్టు చివర పెట్టి పో. దేన్నీ తాకబాకు."

పెట్టాడు. వెళ్తూ ఆగి, "ఇంక దానికి ఏమీ చెయ్యబన్లేదమ్మా. నీళ్ళలో వదిలితే అదే మునుగుతాది," అన్నాడు.

"నాకు తెలుసులే."

మూడోనాడు తెల్లారి వలలు తెప్ప మీద వేస్తుండగా వరదయ్య కట్ట దిగి వచ్చాడు. ఎప్పుడూ కట్ట మీదినుంచే కేకేసే మనిషి గుడిసెల ముందుకు వచ్చి నిలబడ్డాడు. అందరూ పని ఆపారు.

"శీనిగాడు జనార్దనయ్య గారి చేపలకు మందు పెట్టినాడు. మొన్న రాత్రి కొయ్య వేస్తే నిన్న పొద్దునకి ఏడు చచ్చినాయి. గాజు తొట్టిలో మందు కలిపినోడు రేపు నా చెరువులో కలపడా? ఈ దినం నించి మీ వల ఒక్కటి కూడా నీళ్ళలో పడేదానికి లేదు. వలలేసేదానికి జలదంకి మనుషుల్ని పిలిపిస్తుండా."

అంతే చెప్పి వెనుదిరిగాడు. ఇరవై గుడిసెలు. చెరువు తప్ప వాళ్ళకు వేరే ఆధారం లేదు. అందరూ వలలను తెప్పమీదినుంచి దించి, మడిచి, గుడిసెల చూరు కింద పెట్టారు. ఆ మడిచే చప్పుడు శీనయ్యకు తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

తుండుగుడ్డ తలకు చుట్టి జనార్దనయ్య ఇంటికి నడిచాడు. వరదయ్య అతనికంటే ముందే చేరి తిన్నె మీద కూర్చొని ఉన్నాడు.

చచ్చిన ఏడు చేపలు విస్తరాకులో ఉన్నాయి. మిగిలిన నాలుగూ రాగి గంగాళంలో పక్కకు ఒరిగి ఈదుతున్నాయి. జనార్దనయ్య వాటి పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. రెండు రాత్రులు నిద్ర లేని ముఖం.

"శీనయ్యా, నేను నిన్ను నమ్మినాను," అన్నాడు.

శీనయ్య గంగాళం చూశాడు. "రాగిలో పోసినారే! రాగి చేపకి పడదు సామీ. మట్టికుండ తెప్పించండి. గొడ్ల తొట్టిలో నిన్నటి నీళ్ళుంటే అయ్యి పొయ్యండి. ముందు ఆ పని కానీండి, తర్వాత నన్ను తిడుదురు గాని."

వరదయ్య ఏదో అనబోయాడు. జనార్దనయ్య అప్పటికే లేచాడు. కుండ వచ్చింది. శీనయ్య రెండు చేతులు నీళ్ళలో తడుపుకొని, ఒక్కో చేపను దోసిట్లో నీళ్ళతో సహా ఎత్తి కుండలో వదిలాడు. వాటి మొప్పలు ఆడేదాకా కుండ మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"కొయ్యేది?"

కొయ్య పెరట్లో పడి ఉంది. తెచ్చుకొని చూశాడు. తన కొయ్యే. కానీ మెరుస్తోంది. కంత అంచున తెల్లటి పొర ఆరి ఉంది. నాలుక ఆనించాడు. ముఖం చిట్లించి పక్కకు ఉమ్మేశాడు.

"కుంకుడు," అన్నాడు. "దీన్ని కుంకుడు రసంలో నానబెట్టినారు. పూటంతా నానుండాది. లోపలికి దిగిపోయింది."

"కుంకుడైతే?" అన్నాడు వరదయ్య.

"కుంకుడు పడితే చేపకి ఊపిరి ఆడదు. మొప్పలు మూసకపోతాయి."

వరదయ్య తొడ చరిచాడు. "విన్నారా! కుంకుడుకి చేపలు చస్తాయని మీకు తెలుసా? నాకు తెలుసా? వీడికి తెలుసు. తెలిసినోడే గదా పెట్టేది!"

జనార్దనయ్య తల ఎత్తి శీనయ్య వంక చూశాడు. ఆ చూపులో నమ్మకం ఇంకా రాలేదు.

శీనయ్య గొంతు హెచ్చలేదు. "తెలుసు సామీ. కుంకుడు తెలుసు, జెముడు పాలు తెలుసు, మంగకాయ తెలుసు. ఏది చంపుతాదో తెలవకుండా చేపను ఎట్ట బతికించేది? పది దినాలు పాటుపడి, నాలిక తెగేదాకా నాకి, దీన్ని తెచ్చిందెందుకు? చంపేదానికైతే మీరు ఉదయగిరి నించి తెచ్చుకున్నది చాలదా?"

కొయ్యను రెండు చేతులమీద పెట్టి ముందుకు చాచాడు.

"నా మాట నమ్మబాకండి. మీరే నాలిక పెట్టి చూడండి."

వరదయ్య తిన్నె మీదినుంచి దిగ్గున లేచాడు. "ఏందిరా నువ్వు చెప్పేది? నువ్వు నాకిందాన్ని ఆయన నాకాల్నా?"

జనార్దనయ్య కొయ్య వంక చూశాడు. విస్తరాకు వంక చూశాడు. మద్రాసు నుంచి ఒళ్ళో పెట్టుకొని తెచ్చిన తొట్టి ఖాళీగా ఉంది. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కొయ్య అందుకున్నాడు. కంత పక్కనే, శీనయ్య ఎక్కడ నాలుక పెట్టాడో సరిగ్గా అక్కడే, పెట్టాడు.

ముఖమంతా ముడుచుకుపోయింది. ఉమ్మడానికి లేవలేదు. మింగేశాడు.

"చేదు," అన్నాడు. "కుంకుడే. తలంటినప్పుడు నోట్లో పడే చేదు." తలుపు వైపు తిరిగాడు. "అక్కయ్యా."

కామాక్షమ్మ అక్కడే, గడప లోపల నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

"నేనే," అంది. "ఎంగిలి కొయ్య నట్టింట్లోకి ఎట్లా రానిస్తాను? కుంకుళ్ళు కొట్టి, రసంలో ఆ పగలంతా నానేసి తోమినాను. నువ్వు బస్సు దిగేసరికి కడిగి పెట్టినాను. శుభ్రం చేసినాననే అనుకున్నాను." కొయ్య వంక చూసింది. "ఏమీ చెయ్యబన్లేదని వాడు చెప్పినాడు. నేనే వినలేదు."

ఆమె గొంతులో పశ్చాత్తాపం ఎంత ఉందో తెలియదు. అబద్ధం మాత్రం లేదు. శీనయ్యకు ఆ క్షణాన అది చాలు.

వరదయ్య పైపంచె దులుపుకున్నాడు. "సరే లేరా. అయిందేదో అయింది. పో, పొయ్యి వలలు వేసుకోండి."

శీనయ్య కదల్లేదు.

"ఏందిరా ఇంకా?"

"మా గుడిసెల ముందర నిలబడి, ఆడా మగా పిల్లా జెల్లా వింటుంటే మందు పెట్టినానని అన్నారు. ఈ మాట కూడా ఆడికొచ్చి చెప్పండి సామీ."

"గుడిసెల కాడికి? నేనా? చెప్పేదానికా?"

"పొద్దున వచ్చినారు గదా. దోవ తెలుసు."

వరదయ్య నోట వక్కముక్క ఆగిపోయింది. "జలదంకి మనుషులు రేపొస్తారు. అప్పుడు తెలుస్తాది నీకు," అని దిగి పోయాడు.

జనార్దనయ్య మెల్లగా అడిగాడు. "శీనయ్యా, ఇంకొక కొయ్య..."

"తెస్తాను సామీ. ఆయన వచ్చి చెప్పినాక."

ఆ రోజు వలలు చూరు కిందే ఉన్నాయి. వరదయ్య వెయ్యమన్నాడని తెలిసి కూడా ఎవరూ తియ్యలేదు. శీనయ్య ఎవర్నీ వద్దనలేదు, తన వల తను ముట్టలేదు, అంతే. చెంచమ్మ చెరువు వార తామరదుంపలు తవ్వుకొచ్చి ఉడకేసింది.

"పౌరుషం బాగానే ఉండాది మావా. ఉప్పు తక్కువయింది," అంది.

"పొయ్యి వల ఎయ్యమని నువ్వను, ఏస్తాను."

"నేనన్నానా? తిను."

మరునాడు జలదంకి మనుషులు ఆరుగురు వచ్చారు. మంచి వలలు, కొత్త తాళ్ళు. చెరువు నడుమ మొదటి విసురుకే వల నల్లతుమ్మ మొద్దుకు తగులుకుంది. లాగారు, చిరిగింది. రెండోది ఇంకో మూలన వేశారు. అదీ పట్టుకుంది. మనిషి మునిగి విడిపించబోతే కాలికి ముల్లు దిగింది. వాళ్ళ పెద్ద ఒడ్డుకు వచ్చి శీనయ్య గుడిసె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, మొద్దులు యాడుండాయి?"

"నీళ్ళకిందనే ఉండాయి తమ్ముడా," అన్నాడు శీనయ్య.

ఆ మనిషి కాసేపు శీనయ్యను చూసి, చూరు కింద మడిచి పెట్టిన వలలను చూసి, సంగతేందని అడిగాడు. చెంచమ్మ చెప్పింది. అతను లేచి నడుముకు గుడ్డ బిగించుకున్నాడు. "మాకెందుకొచ్చిన గొడవ," అని మధ్యాహ్నం బస్సుకు మనుషులతో సహా వెళ్ళిపోయాడు.

మూడోనాడు పొద్దు వాలుతుండగా కట్ట మీద రెండు గొడుగులు కనిపించాయి. ముందు జనార్దనయ్య. వెనక వరదయ్య. కట్ట దిగేచోట వరదయ్య ఆగాడు. జనార్దనయ్య కూడా ఆగి, పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చాడు. వరదయ్య దిగక తప్పలేదు.

గుడిసెల్లోంచి అందరూ బయటికి వచ్చారు. ఎవరూ కూర్చోలేదు. శీనయ్య తుండుగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు. అతని పక్కన ఓబులమ్మ కర్ర ఆనించుకొని నిలబడింది.

వరదయ్య నేల చూస్తూ, గొంతులోనే అన్నాడు. "శీనయ్య మందు పెట్టలేదు. కొయ్య కడిగిన కుంకుడు రసానికి చచ్చినాయి చేపలు. నేనన్న మాట పొరపాటు."

శీనిగాడు అని గాక శీనయ్య అన్నాడు. అది అందరూ విన్నారు.

"కొంచెం గట్టిగా సామీ," అన్నాడు శీనయ్య. "మా అమ్మకి చెముడు."

వరదయ్య జనార్దనయ్య వంక చూశాడు. ఆయన చెరువు వంక చూస్తున్నాడు. వరదయ్య గొంతు సవరించుకొని, ఈసారి తలెత్తి, అదే మాట మళ్ళీ చెప్పాడు.

చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అటు తిరిగింది. ఓబులమ్మకు చెముడేమీ లేదు. తెప్ప మీద కూర్చొని, పది బారల అవతల కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చప్పుడు విని, అదిగో అటు వెయ్యమని చెప్పే మనిషి. ఆమె చెవి వెనక చెయ్యి చేర్చుకొని, ముఖం ముందుకు చాచింది.

"ఆఁ? ఏందంటుండాడు?"

వరదయ్య మూడోసారి చెప్పాడు. చిట్టచివరి గుడిసెలో పొయ్యి దగ్గర ఉన్నవాళ్ళకు కూడా వినిపించింది.